గస్తీకీ, స్మగ్లరుకూ నడుమ మన మత్స్యకారుడు

ఆగస్టు వచ్చిందంటే మన తీర గ్రామాల సంఘాలలో మగవారు కూర్చునే చాపలు ఖాళీ అవుతాయి. పశ్చిమ తీరంలో జూన్, జూలై నెలల వేట నిషేధం ముగియగానే గార, ఎచ్చెర్ల, పూసపాటిరేగ, భోగాపురం మండలాల కుర్రవాళ్ళు రైలెక్కి గుజరాత్‌లోని వేరావల్‌కు బయలుదేరతారు. వెళ్ళేముందు ఆదివారం వారి తల్లులు, భార్యలు పాస్టరుగారి చేత ప్రార్థన చేయించుకుంటారు. తుఫాను రాకూడదని, వల నిండా చేపలు పడాలని కోరుకుంటారు. కొన్నేళ్ళుగా ఇంకొక మాట కూడా చేరింది: “బోటు బోర్డరు దాటకుండా ప్రార్థన చెయ్యండి, అయ్యగారూ.”

2025లో ఆ మాట మరింత బరువైనది. ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది, మే 10న కాల్పులు ఆగాయి. తుపాకులు మౌనంగా ఉన్నంత మాత్రాన సరిహద్దులో అనుమానం చల్లారదు. ఆ అనుమానం మధ్యకే మన బిడ్డలు వల వేయడానికి వెళ్తున్నారు. కాబట్టి ఆ సరిహద్దు ఎలాంటిదో సంఘాలు తెలుసుకోవాలి.

గుజరాత్‌లోని కచ్ రణ్ ఉప్పు ఎడారి. వాన కాలంలో బురద, ఎండ కాలంలో తెల్లని ఉప్పు పొర. దాని పడమటి అంచున దాదాపు 96 కిలోమీటర్ల పొడవున సర్ క్రీక్ అనే సముద్రపు పాయ ఉంది. దాని మధ్యలో గీత గీయాలా, తూర్పు ఒడ్డున గీయాలా అన్నది 1914 నాటి బొంబాయి ప్రభుత్వ తీర్మానం మీద నడుస్తున్న తగవు. 1965 ఏప్రిల్‌లో రణ్ ప్రాంతంలో రెండు దేశాల బలగాలు పోరాడాయి. అంతర్జాతీయ ట్రిబ్యునల్ 1968లో రణ్ సంగతి తేల్చింది గాని, సర్ క్రీక్ దాని పరిధిలోకి రాలేదు. పాయలో గీత తేలనందున, దాని ముఖద్వారం నుండి సముద్రంలోకి సాగవలసిన హద్దు కూడా తేలలేదు. సింధు నది కలిసే ఆ నీళ్ళలో చేపలు ఎక్కువ. చేపలున్న చోటికి బోటు వెళ్తుంది.

1965 యుద్ధానుభవంతోనే ఆ ఏడాది డిసెంబరు 1న సరిహద్దు భద్రతా దళం, అంటే బి.ఎస్.ఎఫ్., ఏర్పడింది. ఆ దళం జవాన్లు నేటికీ ఆ బురద పాయల్లో కాలినడకన, పడవల మీద, నీళ్ళలో తేలే చౌకీల నుండి కాపలా కాస్తున్నారు. హరామీ నాలా అనే పాయలో పాకిస్తాన్ మత్స్యకారులు వదిలి పారిపోయిన పడవలు తరచు దొరుకుతుంటాయి. జవాన్లు ప్రతి పడవనూ వెదకుతారు. ఎక్కువసార్లు కనబడేది చేపలు, వలలు, మంచుగడ్డలే. అయినా వెదకక తప్పదు.

ఎందుకు తప్పదో చరిత్ర చెబుతుంది. 1993 మార్చి 12న బొంబాయిలో 257 మందిని బలిగొన్న పేలుళ్ళ సరుకు సముద్రం మీదనే వచ్చి రాయగఢ్ తీరంలో దిగింది. 2008 నవంబరులో ముంబయిపై దాడి చేసిన పదిమంది ‘కుబేర్’ అనే పోర్‌బందర్ చేపల బోటును పట్టుకుని, అందులోని మత్స్యకారులను చంపి, ఆ బోటు మీదే మన తీరానికి వచ్చారు. 2022 డిసెంబరులో ‘అల్ సొహేలీ’ అనే పాకిస్తాన్ పడవను మన కోస్టు గార్డు ఓఖా సమీపాన ఆపింది. అందులో పదిమంది మనుషులు, ఆయుధాలు, తూటాలు, దాదాపు 40 కిలోల మాదక ద్రవ్యాలు దొరికాయి. ఆయుధాల స్మగ్లరు తన పేరు రాసిన ఓడలో రాడు. మత్స్యకారుని పడవలో, మత్స్యకారుని వేషంలో వస్తాడు. గస్తీ తిరిగేవానికి దూరాన్నుంచి ఇద్దరూ ఒకేలా కనబడతారు. అవతలి ఒడ్డున నిలిచిన గస్తీవానికీ అంతే.

ఆ పోలికకు వెల చెల్లించినవారు మన మధ్య ఉన్నారు. 2018 నవంబరు చివర గుజరాత్ బోట్లలో వేటకు వెళ్ళిన 22 మంది తెలుగు మత్స్యకారులను పాకిస్తాన్ సముద్ర గస్తీ దళం పట్టుకుంది. వారిలో ఎక్కువమంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారే. వారు కరాచీ జైలులో ఉండగానే 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి, ఆ వెంటనే బాలాకోట్ వైమానిక దాడి జరిగాయి. దేశమంతా టీవీల ముందు కూర్చుని యుద్ధం వస్తుందా అని చూస్తుంటే, మన ఊళ్ళలోని భార్యలు తమ భర్తలు ఉన్న నగరం పేరు వినబడినప్పుడల్లా ఉలిక్కిపడ్డారు. 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. మరి ఇద్దరి విడుదల ఆలస్యమైంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘తండేల్’ సినిమా వలన వారి కథ ఊరూరా తెలిసింది. హాలు బయటికి వచ్చాక మనం ఏమి చేశామన్నదే ప్రశ్న.

ఆ కథ ముగిసిపోలేదు. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలు తమ జైళ్ళలో ఉన్న ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. 2025 జూలై జాబితా ప్రకారం పాకిస్తాన్ జైళ్ళలో భారతీయులని ఎంచబడిన మత్స్యకారులు 193 మంది. శిక్ష పూర్తయిన 159 మంది భారతీయ మత్స్యకారులను, పౌరులను త్వరగా పంపమని మన ప్రభుత్వం కోరింది. శిక్ష ముగిశాక కూడా జైలు! విడుదలైనవారిని సాధారణంగా అప్పగించే అట్టారి ద్వారం పహల్గాం తరువాత మూతపడింది. ఖైదీల కష్టసుఖాలు చూడటానికి ఇరు దేశాల మాజీ న్యాయమూర్తులతో ఏర్పడిన సంఘం 2013 తరువాత సమావేశం కాలేదు.

ఇక్కడ మనకు చేదుగా ఉండే మాట ఒకటి చెప్పక తప్పదు. అదే జాబితాలో మన జైళ్ళలో ఉన్న పాకిస్తాన్ మత్స్యకారులు 81 మంది. వారిలో స్మగ్లరు ఉంటే చట్టం చూసుకోవాలి. చేపల కోసం వచ్చి దారి తప్పినవాడైతే, వాని ఇంటి గుమ్మంలోనూ ఒక తల్లి కూర్చుని ఉంది. మన ప్రభువు మొదట పిలిచిన నలుగురూ వలలు పట్టినవారే. చెరలో ఉన్నవారిని మనమే వారితో కూడ బంధింపబడినట్టు తలచుకోవాలని మనకు నేర్పిన వాక్యం వారి పాస్‌పోర్టు అడగలేదు.

ఇలా అంటే కాపలావాని మీద ఫిర్యాదు చేస్తున్నామని కాదు. మన జిల్లాల నుండి సైన్యంలోకి, సరిహద్దు దళాలలోకి వెళ్ళే యువకులు వేలల్లో ఉన్నారు. ఒకే వీధిలో ఒక ఇంటి కొడుకు సరిహద్దులో తుపాకీ పట్టి నిలబడితే, పక్కింటి కొడుకు అదే సరిహద్దు దగ్గర వల లాగుతుంటాడు. ఇద్దరికీ మనమే ప్రార్థన చేసి పంపాము. ఒకరి కోసం ప్రార్థిస్తూ మరొకరిని మరచిపోలేము. కాపలా గట్టిగా ఉండాలి. కాపలా గట్టిగా ఉన్నందుకు వెల పేదవాడే కట్టడం మాత్రం న్యాయం కాదు.

అయితే ఏమి జరగాలి? మొదటిది, పొరపాటున దాటినవానిని తనిఖీ చేసి, ఆయుధాలు లేవని తేలితే నెలలు, ఏళ్ళు జైలులో ఉంచకుండా పంపివేసే పద్ధతి రెండు దేశాల మధ్య కుదరాలి. రెండు దేశాలూ అంగీకరించిన 1982 సముద్ర చట్ట ఒప్పందం కూడా, తీర దేశపు ఆర్థిక మండలంలో చేపల వేట నిబంధన తప్పినందుకు, వేరే ఒడంబడిక లేనప్పుడు, జైలు శిక్ష ఉండరాదంటుంది. రెండవది, హద్దు దగ్గరైతే హెచ్చరించే ట్రాన్స్‌పాండర్లు. లక్ష బోట్లకు వాటిని అమర్చే పథకాన్ని కేంద్రం 2024 ఆగస్టులో ప్రారంభించింది. బోటు ఎక్కేముందు అది ఉందా, పనిచేస్తోందా అని అడిగే ధైర్యం మన కుర్రవాళ్ళకు మనం నేర్పాలి.

మూడవది అన్నిటికంటే ముఖ్యం. శ్రీకాకుళం జిల్లాకు 190 కిలోమీటర్లకు పైగా తీరం ఉంది. ఇంత సముద్రం ఇంటి ముందు ఉండగా అరేబియా సముద్రానికి ఎందుకు పోవాలి? పెద్ద బోట్లు ఆగే రేవు ఇక్కడ లేదు గనుక. వేట నిషేధ కాలపు భృతిని 20,000 రూపాయలకు పెంచుతూ 2025 ఏప్రిల్ 26న ముఖ్యమంత్రి ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలోనే ఆ పథకాన్ని ప్రారంభించారు. అందుకు కృతజ్ఞులం. కాని భృతి రెండు నెలలకు, రేవు పన్నెండు నెలలకు. అదే బుడగట్లపాలెంలో తలపెట్టిన ఫిషింగ్ హార్బరు పూర్తయితే కొన్ని వందల చాపలు ఖాళీ కాకుండా ఉంటాయి.

సంఘ కాపరులకు, పెద్దలకు మా మనవి. మీ సంఘం నుండి ఈ నెల వేరావల్ వెళ్ళినవారి పేర్లు, బోటు యజమాని పేరు, ఫోను నంబరు, ఆధార్ ప్రతి ఒక పుస్తకంలో రాసి ఉంచండి. మనిషి చిక్కుకున్న రోజున అతడు మనవాడని రుజువు చేయడానికి ఆ పుస్తకమే పనికివస్తుంది. పట్టుబడినవారి ఇంటికి సంపాదన ఆగిపోతుంది గనుక, ఆ ఇంటి బియ్యం సంగతి సంఘం చూసుకోవాలి. జనవరి 1న కొత్త సంవత్సరపు ఆరాధనకు మనం కూడుకునే రోజునే ఆ జాబితా మళ్ళీ వెలువడుతుంది. ఆ ఆరాధనలో గస్తీ తిరిగే జవాను కోసం, వాఘాకు ఇవతలా అవతలా చెరలో ఉన్న మత్స్యకారుల కోసం ఒకే ప్రార్థనలో అడుగుదాం.