మొదటి బొమ్మకు మోటారు వద్దు

ఇంట్లో కంప్యూటర్ చెప్పినట్టు చెక్క కోసే చిన్న సీఎన్‌సీ రౌటర్ పెట్టుకుని, ప్లైవుడ్‌తో తిరిగే శిల్పాలు చేయాలని ఉబలాటపడే కుర్రాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: మోటారు ఎక్కడ బిగించాలి? వాళ్ల ఉత్సాహమంటే నాకు ప్రాణం. అందుకే కాస్త గట్టిగానే చెబుతున్నాను, మొదటి బొమ్మకు మోటారు వద్దు.

అమెరికాలోని కనెక్టికట్‌లో డేవిడ్ సి. రాయ్ 1975లో ఈ పని మొదలుపెట్టారు. భౌతికశాస్త్రం చదువుకున్న మనిషి. ఆయన చెక్క శిల్పాలకు కరెంటు అక్కర్లేదు. లోపల పట్టీలాంటి స్ప్రింగు ఉంటుంది. దాని బలం మొదట్లో ఎంతో చివర్లోనూ దాదాపు అంతే. ఒకసారి చుట్టి వదిలితే శిల్పం గంటల తరబడి ఆడుతుంది. రెండు చక్రాలు ఎదురెదురుగా తిరుగుతుంటే వాటి వంపు పుల్లలు ఒకదాన్నొకటి దాటుతూ పువ్వు విచ్చుకుంటున్నట్టు, మళ్లీ ముడుచుకుంటున్నట్టు అనిపిస్తాయి. నిజానికి అక్కడ విచ్చుకునేది ఏదీ లేదు, అంతా మన కంటిలోనే జరుగుతుంది. ఇంత చిన్న బలంతో అంతసేపు ఎలా తిరుగుతోందన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న.

రౌటర్ కోసి ఇచ్చేది ఆకారం మాత్రమే. అందులోనూ దానికి కొన్ని చేతకావు. 3 మిల్లీమీటర్ల బిట్టు లోపలి మూలను 1.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగానే వదులుతుంది, ఎన్నిసార్లు తిప్పినా పదునైన మూల రాదు. పళ్ల చక్రం గీసేటప్పుడే ఆ సంగతి లెక్కలో వేసుకోవాలి. కొట్టువాడు 12 మిల్లీమీటర్లని ఇచ్చిన ప్లైవుడ్‌ను కొలవకుండా నమ్మకూడదు. ముక్కు మూసే మంచి మాస్కు లేకుండా మిషన్ దగ్గర నిలబడనే కూడదు. చెక్కపొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం తేల్చి చెప్పింది.

ఒక ఎండాకాలంలో టేకు పలకతో పెద్ద పళ్ల చక్రం కోశాను. వానలు పడ్డాక అది పట్టేసింది. చెక్క తేమకు నారకు అడ్డంగా ఉబ్బుతుంది గానీ నార వెంట దాదాపు పెరగదు. దాంతో గుండ్రటి చక్రం కోడిగుడ్డు వాటమైంది. ప్లైవుడ్‌లో ఒక పొర నార నిలువుగా, మరో పొరది అడ్డంగా ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి కదలనివ్వవు.

అదే టేకు చక్రానికి మోటారు ఉండి ఉంటే ఆ పళ్లను రుద్దుకుంటూనే ఈడ్చుకుపోయేది, తప్పు ఎక్కడుందో నాకు తెలిసేదే కాదు. మోటారుకు బదులు చక్రాన్ని తిప్పేది ఇరుసుకు చుట్టిన తాడుకు కట్టిన కిలో రాయి అయితే, అది అలా కప్పిపుచ్చదు. ఎక్కడ రాపిడి ఉంటే అక్కడే ఆగిపోతుంది. నా చేతికి పని నేర్పింది ఆ ఆగిపోవడమే. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో బొంగరం తీసే పనివాడికి తప్పు ఇలా బయటపడటం కొత్త కాదు. నడిమికి తూకం కుదరని బొంగరం ఎంత గట్టిగా విసిరినా కాసేపటికే తూలుతుంది.

ముందు రాపిడి సంగతి చూడాలి. కొత్త బేరింగులో గ్రీజు దట్టించి ఉంటుంది. వేల చుట్లు తిరిగే యంత్రానికి అది కావాలి, నిమిషానికి నాలుగు చుట్లు తిరిగే మన చక్రానికి అదే సంకెల. కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టాక చక్రం తేలిగ్గా కదిలిన తీరు చూసి ఆ రోజు నాకు పట్టరాని సంతోషం కలిగింది.

తర్వాత తూకం. చక్రాన్ని ఇరుసుకు ఎక్కించి వేలితో మెల్లగా తోసి వదలండి. ఊగి ఊగి ఆగినప్పుడు అడుగున ఉన్నదే బరువు వైపు. అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి. వెనకనుంచి లోతు లేని చిన్న రంధ్రం వేసి బరువు తీయండి, లేదా ఎదురు వైపు చిన్న ఇత్తడి మర బిగించండి. మళ్లీ తోయండి. ఒక్కో చక్రానికి నాకు సాయంత్రం మొత్తం పట్టిన రోజులున్నాయి. గీత పెట్టిన చోటే ప్రతిసారీ కిందికి వస్తుంటే పని మిగిలే ఉంది. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ, ఎక్కడ పడితే అక్కడ ఆగితే, ఇక తాడు చుట్టి రాయి వేలాడదీయండి.