ఇంటింటి ఇంజనీరింగు: పాత మోటారు సైకిలుకు కొత్త బ్యాటరీ



గత నెలలో పదవీ విరమణ చేసిన మా విభాగపు సహోద్యోగి ఒకరు, వీడ్కోలు సభ ముగిసిన తరువాత నా వద్దకు వచ్చి, “ఏమండీ, ఇన్వర్టరు బ్యాటరీని గురించి అందరికీ చక్కగా వ్రాశారు. మీ మాట విని నేను పోగొట్టుకున్న బ్యాటరీ సంగతి ఎప్పుడు వ్రాస్తారు?” అని అడిగారు. నవ్వుతూ అడిగినా ఆ ప్రశ్న న్యాయమైనదే. కావున ఈ నెల నా పొరపాటుతోనే ప్రారంభిస్తున్నాను.

ఆయన వద్ద 1970 నాటి జావా 250 మోటారు సైకిలు ఉన్నది. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో తయారైనది. అక్కడ 1961లో ఉత్పత్తి మొదలై, 1973 నుండి బండ్లు యెజ్డి పేరుతో వెలువడి, 1996లో కర్మాగారం మూతపడింది. కిక్కు కొట్టిన మీటతోనే గేర్లు కూడా మార్చే ఆ బండిపై ఆయన తండ్రిగారు ఇరవై ఏండ్లకు పైగా మన కర్మాగారానికి డ్యూటీకి వచ్చారు. తండ్రిగారు గతించిన తరువాత బండిని అమ్మడానికి ఈయనకు మనసొప్పలేదు. పదవీ విరమణ నాడు కారులో గాక, ఆ బండిపైనే సతీమణిని వెనుక కూర్చుండబెట్టుకొని మెయిన్ గేటు దాటాలన్నది ఆయన కోరిక. అప్పటికి పదునాలుగు నెలల వ్యవధి ఉన్నది. బ్యాటరీ మాత్రం నెల తిరిగేసరికి చల్లబడుతున్నది. ఈ తరహా బండిలో స్పార్కుకు కావలసిన విద్యుత్తు బ్యాటరీ నుండే రావాలి. అది చల్లబడితే ఎన్ని కిక్కులు కొట్టినా ఇంజను పలకదు.

సలహా అడిగితే నేను నిముషమైనా ఆలోచించకుండా, “ఇంకాస్త ఎక్కువ ఆంపియర్-అవర్లు ఉన్నది వేయండి” అన్నాను. ఆయన బ్యాటరీ పెట్టెను కొంత సాగగొట్టించి మరీ పెద్దది అమర్చారు. ఐదు నెలలకు అదీ చల్లబడింది.

అప్పుడు చేయవలసిన లెక్క మొదటే చేయవలసింది. సంసారంతో పోల్చితే డైనమో జీతం వంటిది, బ్యాటరీ పొదుపు ఖాతా వంటిది. జీతానికి మించి ఖర్చున్న ఇంట పెద్ద ఖాతా తెరిచినంత మాత్రాన నిల్వ పెరగదు. ఆ డైనమో 6 వోల్టుల వద్ద 45 వాట్లు, అనగా 7.5 ఆంపియర్లు ఇవ్వగలదు. అదీ ఇంజను మంచి వేగంలో ఉన్నప్పుడే; ఐడిలింగులో దాదాపు ఏమీ ఇవ్వదు. ఖర్చు చూడండి: హెడ్‌లైటు 35 వాట్లు, వెనుక దీపం 5 వాట్లు. ఇగ్నిషన్ కాయిలు, బ్రేకు దీపం, హారను కలిస్తే రాబడి మొత్తం చెల్లిపోతుంది. మా మిత్రులు బండి తీసేది సాయంత్రం చీకటి పడ్డాక, క్వార్టర్ల నుండి కూరగాయల మార్కెట్టు వరకు. రెండు కిలోమీటర్లు, మూడు స్పీడు బ్రేకర్లు. ప్రతి ప్రయాణమూ అప్పే. పెద్ద బ్యాటరీ ఆ లోటును కొన్నాళ్లు కప్పిపుచ్చింది, తీర్చలేదు. ఛార్జి నిండని స్థితిలో ఎక్కువ కాలం ఉన్న బ్యాటరీ ప్లేట్లపై లెడ్ సల్ఫేటు గట్టిపడుతుంది. ఆ తరువాత ఛార్జి పెట్టినా పూర్తిగా కోలుకోదు.

కథ అంతటితో ఆగలేదు. ఛార్జింగు చాలడం లేదని ఒక మెకానిక్ రెగ్యులేటరు స్ప్రింగును బిగించాడు. స్ప్రింగు బిగిస్తే డైనమో వోల్టేజి పెరుగుతుంది. ఈసారి వేసినది నీళ్లు పోయనక్కరలేని సీల్డు బ్యాటరీ. మూడు నెలలకు అది పొట్ట ఉబ్బి, పెట్టెలో నుండి ఊడి రాలేదు. మొదటిది ఆకలితో పోయినది, రెండవది అజీర్ణంతో పోయినది. “ఇక తూకానికి ఇచ్చేస్తానండీ” అని ఆయన అన్ననాడు నాకు నిజంగా సిగ్గు కలిగింది. మరుసటి ఆదివారం మల్టీమీటరు తీసుకొని వారింటికి వెళ్లాను.

పాఠకులకు నా మనవి ఒక్కటే. పాత బ్యాటరీ ఎందుకు పోయినదో తేలనిదే కొత్తది కొనవద్దు. మంచి బ్యాటరీని తాత్కాలికంగా కలిపి, ఇంజనును ఒక మోస్తరు వేగంలో ఉంచి, టెర్మినళ్ల వద్ద వోల్టేజి చూడండి. 6 వోల్టుల బండిలో 7.2 ప్రాంతంలో ఉండాలి. 12 వోల్టుల బండిలో 14.4 ప్రాంతంలో. వారి బండిలో 8 దాటింది. రెగ్యులేటరు కాంటాక్టులు శుభ్రపరచి, స్ప్రింగును సరిచేయించి 7.2కు తెచ్చాము. ఆ తరువాతే దుకాణానికి బయలుదేరాము.

ఎంపికలో గమనించిన అంశాలివి.

మొదటిది వోల్టేజి. ఒక్కొక్క సెల్లుకు 2 వోల్టుల వంతున మూడు సెల్లులున్నది 6 వోల్టుల బ్యాటరీ, ఆరు సెల్లులున్నది 12 వోల్టులది. 6 వోల్టులది దొరకలేదని 12 వోల్టులది తగిలిస్తే బల్బులు మాడిపోతాయి, కాయిలు వేడెక్కుతుంది. బండిని 12 వోల్టులకు మార్చవచ్చును గాని అప్పుడు బల్బులు, కాయిలు, హారను, ఛార్జింగు ఏర్పాటు అన్నీ మార్చాలి.

రెండవది సామర్థ్యం. బండితో వచ్చిన పుస్తకంలో ఎన్ని ఆంపియర్-అవర్లు ఉంటే అన్నే.

మూడవది రకం. సీల్డు బ్యాటరీ శుభ్రమైనదే గాని, ఓవర్‌ఛార్జి వలన లోపలి నీరు ఆవిరైతే తిరిగి పోసే దారి లేదు. లిథియం బ్యాటరీ తేలిక, కాని దానికి కచ్చితమైన వోల్టేజి కావాలి. స్ప్రింగు, కాంటాక్టులతో పనిచేసే పాత రెగ్యులేటరు ఆ కచ్చితత్వాన్ని ఇవ్వలేదు. అందుచేత నీళ్లు పోసే పాతకాలపు రకమే ఎన్నుకున్నాము.

నాలుగవది అమరిక. పొడవు, వెడల్పు, ఎత్తుతో పాటు టెర్మినళ్లు ఏ వైపున ఉన్నవో, గాలి గొట్టం ఏ వైపుకు వస్తుందో చూడాలి. ఆ గొట్టం చివర చైనుపై గాని సైలెన్సరుపై గాని పడరాదు. కొత్త బ్యాటరీకి ఆ రంధ్రం వద్ద మూత ఉంటే తీసివేయడం మరువరాదు. మూసి ఉంచితే వాయువు పోయే దారి లేక డబ్బా పగులుతుంది.

ఐదవది ఎర్తు. పాత బ్రిటిషు బండ్లలో చాలావాటికి పాజిటివ్ టెర్మినలు ఫ్రేముకు కలిపి ఉంటుంది. పాతది విప్పకముందే ఏ తీగ ఎక్కడున్నదో కాగితంపై గీసుకోవడం మేలు. విప్పేటప్పుడు ఎర్తు తీగ మొదట, బిగించేటప్పుడు చివర.

కొత్త బ్యాటరీలో ఆసిడ్ పోయించి, అరగంట ఆగి, మొదటి ఛార్జి నెమ్మదిగా పెట్టాలి. సామర్థ్యంలో పదవ వంతు కరెంటు, అనగా 12 ఆంపియర్-అవర్లకు 1.2 ఆంపియర్లు, చాలును. తరువాత మట్టం తగ్గితే డిస్టిల్డు వాటరు మాత్రమే పోయాలి. మళ్లీ ఆసిడ్ పోయరాదు. ఛార్జి తీసి కొన్ని గంటలు ఆగాక 6.3 వోల్టులు దాటి ఉంటే నిండినట్లే. 6.1కి దిగితే సుమారు సగం ఖర్చయినట్లు.

గృహిణులకు, పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ఛార్జి అయ్యే బ్యాటరీ నుండి హైడ్రోజను వెలువడుతుంది. దానిని వంటింట్లో, పూజగదిలో, దీపానికి దగ్గరగా పెట్టరాదు. ఆసిడ్ కంటిలో పడితే నలపకుండా పదిహేను నిముషాలకు తగ్గకుండా నీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పాత బ్యాటరీలో ఉన్న సీసం విషపదార్థం. దానిని పగులగొట్టడం, కాలువలో ఆసిడ్ వంపడం ఎంతమాత్రం తగదు. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను 2022 నాటి నిబంధనలు ఉత్పత్తిదారులపై ఉంచాయి. కొత్తది కొన్నచోటనే పాతది అప్పగించండి.

మా మిత్రులు ఒక చిన్న ఛార్జరు కూడా కొన్నారు. పదిహేను రోజులకొకసారి ఆదివారం రాత్రి బ్యాటరీకి ఛార్జి పెట్టడం వారి ఇంటి పనులలో ఒకటైంది. వారి సతీమణి క్యాలెండరుపై ఆ తేదీలకు సున్నలు చుట్టారు.

వీడ్కోలు సభ నాటి సాయంత్రం ఆయన నాతో ఆ మాటని, పూలదండ తీసి సతీమణికి అందించి, సైకిల్ స్టాండు వద్దకు నడిచారు. మొదటి కిక్కుకు ఇంజను పలకలేదు. అక్కడున్న వారిలో నా గుండె అందరికంటె గట్టిగా కొట్టుకున్నది. రెండవ కిక్కుకు అందుకున్నది. గేటు వద్ద ఆయన హారను మ్రోగించారు. ఆరు వోల్టులకు తగ్గట్టుగా సన్నగానే మ్రోగింది.

వచ్చే నెల మిక్సీ మోటారులోని కార్బను బ్రష్షుల గురించి ముచ్చటించుకుందాము. సెలవు.