మోకాలు దేవుడికే, కామందుకు కాదు

పేటలో కుర్రాణ్ణి కొడతారు. మనం స్టేషన్‌కెళ్ళి 1989 అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టమంటాం. ఆ వచ్చే ఆదివారమే కొన్ని మందిరాల్లో ప్రసంగం మారిపోద్ది. లోబడండి, తగ్గించుకోండి, క్షమించండి అని వాక్యం చెబుతారు. ఆరాధన అయ్యి బయటికొచ్చేసరికి ఊరిపెద్దల రాజీ కబురు సిద్ధంగా ఉంటది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకలు తిరిగే కార్యకర్తలం మనం. ఈ వరస మనకు కొత్త కాదు.

దేవుడి ముందు తగ్గడం తప్పని మనం అనడం లేదు. మోకరించిన తల్లుల కన్నీళ్ళ మీదే మన పేటలు నిలబడ్డాయి. మన ప్రశ్న ఒక్కటే. దేవుడి ముందు వంచిన తలను కామందు ముందు కూడా వంచమని చెప్పే హక్కు ఎవరిచ్చారు?

మన పెద్దల చరిత్ర చూడండి. ఒంగోలు సీమలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన ఊరూరా తిరిగి చెప్పిన కట్టుబాట్లు మూడు. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. ఈ మూడూ దేవుడికి విధేయతే. కానీ ఊరి దృష్టిలో మూడూ తిరుగుబాటే! ఏడు రోజులూ చాకిరీ చెయ్యాల్సినోడు ఒక రోజు రానన్నాడు. జాతరలో డప్పు కొట్టాల్సినోడు కొట్టనన్నాడు. అందుకే పనులు మాన్పించారు, బావులు మూశారు. అయినా మనవాళ్ళు ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దేవుడికి లోబడటమంటే మనిషికి లోబడ్డం మానెయ్యడమని వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

అధికారులకు లోబడమని పౌలు రోమా పత్రిక 13వ అధ్యాయంలో రాశాడు కదా అంటారు. రాశాడు. అదే పౌలు ఫిలిప్పీలో ఏం చేశాడు? విచారణ లేకుండా కొట్టి జైల్లో పెట్టారు. తెల్లారి చప్పుడు కాకుండా వెళ్ళిపొమ్మని కబురు పంపారు. ఆయన వెళ్ళలేదు. రోమా పౌరులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టారు, కొట్టించినవాళ్ళే వచ్చి బయటికి తీసుకెళ్ళాలని పట్టుబట్టాడు. అధికారులు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. చాటుమాటు రాజీకి పౌలు ఒప్పుకోలేదు. మనమెందుకు ఒప్పుకోవాలి?

2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో జరిగింది గుర్తుందా? చెరువు గట్టున నాయకుల విగ్రహాల వరసలో అంబేడ్కర్ విగ్రహం పెట్టినందుకు దళితులను వెలివేశారు. పనులకు పిలవలేదు, కౌళ్ళు లాక్కున్నారు. ఆ రోజు తగ్గి ఉంటే రేపు పిల్లలు బడిలో కూడా వెనక వరసలోనే కూర్చునేవారు. తగ్గలేదు కాబట్టే రాష్ట్రమంతా ఆ ఊరివైపు చూసింది.

ఆదివారం తెల్లారుజామున చేపల పట్టుబడికి రమ్మంటే ఆరాధన మానుకుని వల పట్టడం అణకువ కాదు, భయం. కొల్లేట్లో సొసైటీ కాగితం మీద పేరు మనది, చెరువు మీద పెత్తనం ఇంకోడిది అయినప్పుడు చదవకుండా వేలిముద్ర వెయ్యడం విధేయత కాదు, మోసపోవడం.

మరి అణకువ ఎక్కడ కావాలి? మన మధ్యే కావాలి. యేసు శిష్యుల కాళ్ళు కడిగాడు. ఆ దేశంలో అది బానిస పని. గురువే వంగాడు గానీ శిష్యుల్ని వంచలేదు. అంటే తగ్గాల్సింది పైనున్నవాడు. ఒకే దేవుణ్ణి కొలుస్తూ మాల మందిరం, మాదిగ మందిరం అని విడివిడిగా కూర్చునే చోట తగ్గాల్సింది మనమే. ఇంట్లో ఆడమనిషి మీద చెయ్యెత్తేవాడు, సంఘం లెక్క అడిగితే కోపగించే పెద్ద కూడా తగ్గాల్సినవాళ్ళే.

వాక్యం చెప్పే అన్నలారా, మీరు మా బిడ్డలే, మా అన్నంలో పాలివాళ్ళే. కేసు వెనక్కి తీసుకోమని మాకు చెప్పే ముందు కొట్టినవాణ్ణి తప్పు ఒప్పుకోమనండి. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఆ కథ ఒక్కసారి కామందు అరుగు మీద చెప్పండి. ఒంటరిగా వెళ్ళాలంటే జంకుగా ఉంటే కబురు పెట్టండి. మేమంతా వచ్చి మీ వెనక నిలబడతాం.