పక్షవాత రోగులకు అడుగుల వాచీ - మా అభిప్రాయం



పక్షవాతం నుండి కోలుకొని తిరిగి చూపించుకోవడానికి వచ్చేవారిలో కొందరి మణికట్టుకు ఈమధ్య అడుగులు లెక్కపెట్టే వాచీ కనిపిస్తోంది. విదేశాల్లో ఉన్న పిల్లలు పంపినవే ఎక్కువ. "ఇది పెట్టుకుంటే మంచిదేనా అండీ?" అని మమ్మల్ని అడుగుతున్నారు. మంచిదే. కాని వాచీ కట్టడంతో పని అయిపోయిందనుకుంటే మాత్రం డబ్బు దండగ.

రోగి ఫిజియోథెరపీ గదిలో అరగంట చక్కగా నడుస్తాడు. మిగతా రోజంతా ఏం చేస్తున్నాడో మాకు తెలియదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఐదు స్ట్రోక్ వార్డులలో పగటిపూట రోగులను గమనించి 2004లో ఒక నివేదిక ప్రచురించారు. సగానికి పైగా సమయం వారు మంచం మీదనే ఉన్నారు, 60 శాతం సమయం ఒంటరిగా ఉన్నారు. మన ఇళ్ళలో ఒంటరితనం కొంత తక్కువేమో గాని మంచం తక్కువ కాదు. "మీరు లేవకండి మామయ్యా, నేను తెస్తాను" అని కోడలు మంచినీళ్ళు అందిస్తుంది. పేపరు మనవడు తెచ్చిస్తాడు. అంతా ప్రేమతోనే చేస్తారు. కాని కుండ దగ్గరకు వెళ్ళే ఆ పదడుగులే ఆయనకు అవసరమైన వ్యాయామం. "నడుస్తున్నారా?" అని మేము అడిగితే "బాగానే నడుస్తున్నారండీ" అంటారు. నిజంగా ఎంత నడుస్తున్నారో వాచీ చెప్పగలదు. దాని ఉపయోగం అక్కడే ఉంది.

అయితే వాచీ కూడా తప్పు చెబుతుంది. చేయి ఊపుతూ మామూలు వేగంతో నడిచేవారికోసం తయారైన వస్తువు అది. కాలు ఈడుస్తూ మెల్లగా నడిచేవారి అడుగులను, చేతికర్ర లేక వాకర్ పట్టుకొన్నవారి అడుగులను చాలావరకు వదిలేస్తుంది. వరండాలో నాలుగుసార్లు తిరిగి వచ్చిన మనిషికి అది పదో పదిహేనో చూపిస్తే ఆయన మనసు ఏమవుతుంది? అందుకే బలంగా ఉన్న కాలి చీలమండకు కట్టమని మేము చెబుతున్నాము. అక్కడ లెక్క మెరుగ్గా వస్తుంది. కట్టిన తరువాత 50 అడుగులు మీరే లెక్కపెడుతూ నడిపించి, వాచీ ఎంత చూపిందో సరిపోల్చుకోండి. పట్టీ బిగుతుగా ఉండకూడదు. షుగర్ ఉన్నవారికి రోజూ ఆ చోట చర్మం చూడండి.

ఇక 10,000 అడుగుల సంగతి. ఆ అంకె ఏ వైద్యుడూ రాసిచ్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరులోనిది. పక్షవాత రోగికి దానితో పని లేదు. మొదటి వారం ఉన్న లెక్కను ఊరకే రాయండి. తరువాత దానిమీద కొంచెం కొంచెం పెంచవచ్చు.

ఎవరు పెంచుతారన్నదే అసలు ప్రశ్న. 11 దేశాల్లోని ఆసుపత్రులలో రోగుల చీలమండలకు పరికరాలు కట్టి, ఎంత కదిలారో వారికి చూపిస్తూ వచ్చారు. అలా చూపించినందువల్ల నడక అదనంగా పెరగలేదని 2015లో తేలింది. అమెరికాలో జరిగిన మరో పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి. వేగంగా నడిపించే శిక్షణ మాత్రమే పొందినవారు ఆరు నిమిషాల్లో వెనుకటికంటే ఎక్కువ దూరం నడవగలిగారు. కాని రోజువారీ అడుగులు బాగా పెరిగింది, థెరపిస్టు కూర్చొని లెక్క చూసి, మాట్లాడి, లక్ష్యం పెట్టినవారిలోనే. కాబట్టి వాచీ కొన్న ఇంట్లో సాయంత్రం ఐదు నిమిషాలు ఆ అంకె గురించి రోగితో మాట్లాడే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి ఉంటే వాచీ లేకపోయినా క్యాలెండరు మీద పెన్సిలు గీతలతో పని జరుగుతుంది.

ఒక జాగ్రత్త. పక్షవాతం వచ్చిన మొదటి రోజునుండే నడిపించాలని తొందరపడవద్దు. మొదటి 24 గంటల్లోనే మొదలుపెట్టి ఎక్కువెక్కువగా లేపి నడిపిస్తే ఫలితం తగ్గిందని 2,000 మందికి పైగా రోగులపై జరిగిన పరిశోధనలో 2015లో తెలిసింది. ఎప్పుడు, ఎంత అన్నది వార్డులో మమ్మల్ని అడగండి. ఇంట్లో కూడా తూలేవారిని ఒంటరిగా నడవనివ్వవద్దు.

కాలికి కట్టిన వాచీ బలహీనమైన చేతి గురించి ఏమీ చెప్పదు. మా గదిలో గ్లాసు ఎత్తగలిగిన చేయి ఇంట్లో రోజంతా ఒడిలో పడి ఉండడం మామూలే. తువ్వాలు మడవడం, అరటిపండు ఒలవడం ఆ చేతిని కూడా కలుపుకొని చేయించండి, ఆలస్యమైనా సరే.

ఈసారి వచ్చేటప్పుడు వారం రోజుల అడుగుల లెక్క కాగితం మీద రాసి తెండి. వాచీని కూడా కట్టుకొని రండి, ఛార్జింగ్ పెట్టి మరీ.