ఎందుకు? ఎలా? - కరిచే గొట్టం

బొబ్బిలి దగ్గర ఒక వడ్రంగి కొట్టు ఉన్నదనుకోండి. ఒకే పనసదుంగను తొలిచి వీణ చేసే పనివారున్న ప్రాంతం అది. మన కొట్టులో మటుకు తలుపులూ, మంచాలూ చేస్తారు. కోత యంత్రం నడుస్తూ ఉంటే లేచే రంపపు పొట్టునంతా ఒక ప్లాస్టిక్ గొట్టం పీల్చుకుపోయి సంచిలో పడేస్తుంది.

పుష్యమాసంలో ఒకనాడు గాలి బాగా పొడిగా ఉన్నది. ఆ ఇంటి కుర్రవాడు గొట్టం మీద చెయ్యి వేయబోయాడు. చిటుక్కుమన్నది!

"అయ్యా! గొట్టం కరిసింది!" అని అరిచాడు.

"కరెంటు కారతన్నట్టుంది. ఆ గొట్టం తీసి పారేద్దుం," అన్నాడు తండ్రి.

తీసి పారేయవచ్చునా? ముందు కరిచినదేమిటో తెలుసుకుందాం.

రెండు వస్తువులు ఒకదానినొకటి రాసుకుని విడిపోయినప్పుడు ఒకదానిలోని ఎలక్ట్రాన్లు కొన్ని రెండోదాని మీదికి పోతాయి. గొట్టంలో కొయ్య పొట్టు వేగంగా పరుగెత్తుతూ గోడలను రాచుకుంటుంది. అందువల్ల ప్లాస్టిక్ మీద విద్యుత్తు చేరుతుంది. అది పారిపోలేక అక్కడే నిలిచి ఉంటుంది గనక దాన్ని స్థిర విద్యుత్తు అంటారు. వేలు దగ్గరికి రాగానే అది గాలిలోంచి వేలి మీదికి దూకుతుంది.

దాని వోల్టులు వేలల్లో ఉంటాయి. మన ఇంటి కరెంటు 230 వోల్టులే! మరి కుర్రవాడికి ఏమీ కాలేదేం? తాటిచెట్టు మీదనుంచి ఒక్క నీటిబొట్టు పడితే తల పగులుతుందా? ఎత్తు ఎక్కువేగాని నీరు ఏదీ? ఇదీ అంతే.

ఇప్పుడు మీరే ఒక పరీక్ష చేయండి. పొడవాటి ప్లాస్టిక్ స్కేలును పొడి జుట్టు మీద కొననుంచి కొనదాకా బాగా రుద్దండి. ఒక కొన పట్టుకుని రెండో కొనను కాగితపు ముక్కల దగ్గర పెట్టండి. ముక్కలు ఎగిరి అంటుకుంటాయి. ఒక కొన మీ చేతిలోనే ఉన్నది గదా, రెండో కొనలోని విద్యుత్తు ఎందుకు పోలేదు? ప్లాస్టిక్‌లో విద్యుత్తు ప్రవహించదు. తాకినచోట ఉన్నది మాత్రమే పోతుంది. ఇప్పుడు స్కేలును తడిగుడ్డతో తుడవండి. ఇక ఒక్క ముక్కా కదలదు!

ఈ పరీక్షవల్ల రెండు సంగతులు తెలిశాయి. మొదటిది: గాలిలో తేమ ఉంటే స్థిర విద్యుత్తు నిలవదు. కళింగపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో గొట్టాలు ఎక్కువగా కరవకపోవటానికి కారణం అదే. రెండోది: ప్లాస్టిక్ గొట్టానికి ఒక్కచోట తీగ కట్టి భూమిలోకి దించితే చాలదు. గొట్టం పొడవునా చుట్లుచుట్లుగా రాగితీగ చుట్టి, దాన్ని ఎర్తు చేసిన యంత్రపు ఇనుప భాగానికి కలపాలి. అప్పుడు కాటు తగ్గుతుంది. ఇనుప రేకు గొట్టమైతే ఇంకా మంచిది. అయితే దాని అతుకులన్నీ ఒకదానితో ఒకటి కలిసి, ఎర్తుకు చేరాలి. ఈ పని పెద్దవాళ్ళు ఎలక్ట్రీషియన్ చేత చేయించాలి.

ఒక జాగ్రత్త! చిటుక్కుమని ఒకసారి కరిచి ఊరుకుంటే అది స్థిర విద్యుత్తు. యంత్రపు ఇనుమును తాకినప్పుడల్లా జివ్వుమని లాగితే అది నిజమైన కరెంటే. మళ్ళీ తాకి చూడకండి. పెద్దవాళ్ళతో చెప్పి మెయిన్ ఆపించండి.

మరి గొట్టం తీసేస్తేనో? ఆ పొట్టంతా గాలిలో తేలి పనివారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాటు క్షణంలో పోతుందిగాని, దుమ్ము చేసే చేటు ఏళ్ళ తరబడి ఉంటుంది. అంతేకాదు, గాలిలో దట్టంగా లేచిన మెత్తటి దుమ్ముకు నిప్పురవ్వ తగిలితే మందుగుండులాగా పేలుతుంది. అమెరికాలో మినియాపొలిస్ నగరంలో 1878 మే 2న ఒక పెద్ద పిండిమర అలాగే పేలి 18 మంది చనిపోయారు. తిరగలి రాళ్ళ రాపిడివల్ల నిప్పు పుట్టి ఉంటుందని అనుకున్నారు. మనం రొట్టెలు చేసుకునే గోధుమపిండే అంత పని చేసింది! అందుకే పెద్ద కర్మాగారాల్లో దుమ్ము గొట్టాలు ఇనుపవి వాడి, ఎర్తు చేస్తారు. చిన్న కొట్టులో ఇటువంటి ప్రమాదం అరుదు. అయినా ఏ రోజు పొట్టు ఆ రోజు ఊడ్చి, సంచి ఖాళీ చేయటం, దాని దగ్గర బీడీ కాల్చకపోవటం మంచిది.

కనక ఆ కుర్రవాడు తండ్రితో చెప్పవలసిన మాట ఇది: "అయ్యా, గొట్టం తియ్యొద్దు. తీగ చుట్టిద్దుం!"

మీ ఇంట్లో, మీ వీధిలో ఏ వస్తువు చిటుక్కుమంటుందో, ఏ నెలలో ఎక్కువగా అంటుందో చూసి, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కారణం మీకే తోస్తుంది.