రెండో కృష్ణుడు

పద్యనాటకాలు చూసిన తరానికి ఒక సంగతి బాగా తెలుసు. రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లవార్లూ సాగే నాటకంలో కృష్ణుడు ఒక్కడే. ఆ వేషం కట్టేవాళ్లు మాత్రం ఇద్దరో ముగ్గురో ఉంటారు. పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధం సీనుకు మరొకరు. మొదటి కృష్ణుడు రాగాలు తీసి, వన్స్‌మోర్లు కొట్టించుకుని లోపలికి వెళ్లాక రెండో కృష్ణుడు బయటికొస్తాడు. అప్పుడు చూడాలి జనం సంగతి! సగం మంది ‘ఈయనెవరు, ఆయనేడీ?’ అని గొణుగుతారు. కొందరు టీ తాగొద్దామని లేస్తారు. మిగిలినవాళ్లు ‘కూర్చోండయ్యా, పద్యం విననివ్వండి’ అని కసురుకుంటారు. రెండో కృష్ణుడికి గొంతు లేక కాదు, పద్యం రాక కాదు. ఆయన చేసిన తప్పల్లా రెండోవాడిగా రావడమే.

ఈ రెండో కృష్ణుడి గొడవ గరికపాడులో ఒక ఇంటికి కంప్యూటర్ ఆట రూపంలో వచ్చింది.

హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చే బస్సు పాలేరు వంతెన దాటితే గరికపాడు. ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. పత్తి, మిర్చి పండే నేల. 2024 సెప్టెంబరు వరదలకు ఆ వంతెన దగ్గర రోడ్డు దెబ్బతిని, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయినప్పుడు ఊరి పేరు టీవీల్లో మార్మోగింది. ఈ కథ మాత్రం అంతకు పదమూడేళ్ల ముందు, 2011 ఎండాకాలంలో మొదలైంది.

ఇంజినీరింగ్ రెండో ఏడాది పరీక్షలు రాసి ఇంటికొచ్చాడు కుర్రాడు. మెస్ డబ్బుల్లో మిగిల్చుకుని విజయవాడలో కొన్న కొత్త ఆట డీవీడీ సంచిలో ఉంది. కాళ్లు కడుక్కోకుండానే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సాయంత్రానికి మొహం మాడిపోయింది. పక్కనే నవారు మంచం మీద పడుకున్న తాతయ్య అడిగాడు.

‘‘ఏంట్రా, కరెంటు పోయిందా?’’

‘‘కరెంటు కాదు తాతయ్యా, ఆట పోయింది.’’

వేషం కట్టే ఆట

అతను అంతగా ఎదురుచూసిన ఆట ‘డ్రాగన్ ఏజ్-2’. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు వీటిని. మన మాటల్లో చెప్పాలంటే వేషం కట్టే ఆట. బంతిని కొట్టడం, కారును తోలడం లాంటివి కావివి. ఆడేవాడు ఒక పాత్రలోకి దూరతాడు. ఎవరితో ఏం మాట్లాడాలి, ఎవరిని నమ్మాలి, ఎవరిని వదిలెయ్యాలి అన్నీ తనే తేల్చుకోవాలి. ఆ నిర్ణయాలను బట్టి కథ మలుపు తిరుగుతుంది. ఇవి కంప్యూటర్‌తో పుట్టినవి కూడా కావు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పేరుతో తెచ్చిన ఆటకు కావలసింది కాగితం, పెన్సిలు, పాచికలు, నలుగురు స్నేహితులు. అంతే.

కెనడాలోని ఎడ్మంటన్‌లో 1995లో మొదలైన బయోవేర్ సంస్థ ఈ తరహా ఆటలకు పెట్టింది పేరు. దాన్ని స్థాపించినవాళ్లు వైద్యులంటే ఆశ్చర్యంగా ఉంటుంది. రే ముజైకా, గ్రెగ్ జెస్చుక్ ఇద్దరూ ఎంబీబీఎస్ లాంటి చదువు చదివి, స్టెతస్కోప్ పక్కన పెట్టి ఆటల్లోకి వచ్చారు. వాళ్ల సంస్థ ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ తీస్తున్నట్టు 2004లో ప్రకటించి, తాపీగా చెక్కి 2009 నవంబరులో విడుదల చేసింది. ఆడేవాడు మనిషి కావచ్చు, వనదేవతల జాతివాడు కావచ్చు, మరుగుజ్జు కావచ్చు. ఆరు రకాల పుట్టుకల్లో దేన్ని ఎంచుకుంటే కథ అక్కణ్నుంచి మొదలవుతుంది. చివరికి లోకాన్ని రాక్షసమూక నుంచి కాపాడతాడు. గరికపాడు కుర్రాడు హాస్టల్లో దాన్ని మూడుసార్లు ఆడాడు. మూడుసార్లూ లోకాన్ని కాపాడాడు.

అదే గుహ, అదే సందు

రెండో భాగం 2011 మార్చిలో వచ్చేసింది. తయారీకి ఏడాదిన్నర కూడా పట్టలేదు. ఆ తొందర ఆటలో కనిపించింది. వేరే వేరే చోట్లని చెప్పి లోపలికి తీసుకెళితే ప్రతిసారీ అదే గుహ. ఒక తలుపు మూసి మరో తలుపు తెరిచి కొత్త చోటు అనుకోమన్నారు. పుట్టుక ఎంచుకునే వీలు లేదు. హాక్ అనే ఇంటిపేరున్న మనిషి వేషమే కట్టాలి. ఆడా మగా అన్నది మాత్రం మన ఇష్టం. కథంతా దాదాపు ఒకే ఊళ్లో, పదేళ్ల పాటు సాగుతుంది. నిదానంగా ఎత్తులు వేసుకుని చేసే యుద్ధం పోయి, బటన్లు నొక్కుడు యుద్ధం వచ్చింది.

అభిమానులు రెండుగా చీలిపోయారు. రెండు వారాలు తిరక్కుండానే పది లక్షలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. విమర్శకులు వందకు ఎనభై దరిదాపుల్లో మార్కులు వేశారు. ఆడినవాళ్లు వేసిన మార్కుల సగటు మాత్రం పదికి అయిదు కూడా దాటలేదు.

‘‘ఒక్క గుహనే తిప్పి తిప్పి చూపిస్తారా తాతయ్యా? మోసం కదూ!’’ అన్నాడు మనవడు.

తాతయ్య నవ్వాడు. ‘‘మేం ఒక్క దర్బారు పరదాతోనే ద్వారకా చూశాం, హస్తినా చూశాం.’’

‘‘మీరేమైనా టికెట్ కొన్నారా? నేను డబ్బులు పెట్టి కొన్నాను.’’

ఆ మాట నిజమే. చందా వేసుకుని ఆడించుకున్న నాటకానికీ, దుకాణంలో కొన్న సరుకుకూ తేడా ఉంది. కొన్నవాడికి నాణ్యత అడిగే హక్కుంది. అందుకే తాతయ్య వాదించలేదు. ‘‘గుహ సంగతి సరే, కథ ఎట్లా ఉందిరా?’’ అని అడిగాడు. కుర్రాడి దగ్గర జవాబు లేదు. గుహను తిట్టుకోవడంలో కథ వినలేదు.

వింటే దాన్ని మెచ్చుకున్నవాళ్ల వాదన అర్థమయ్యేది. ఇందులో హీరో లోకాన్ని కాపాడడు. యుద్ధంలో ఊరు పోగొట్టుకుని, తల్లినీ తోబుట్టువులనీ వెంటబెట్టుకుని పరాయి ఊరికి బతకపోయిన మనిషి. అప్పుతో మొదలుపెట్టి ఒక ఇల్లు సంపాదిస్తాడు. ఆ ఊళ్లో మంత్రవిద్య తెలిసినవాళ్లకూ, వాళ్లను కాపలా కాసే సైనికులకూ పడదు. ఇద్దరి వాదనలోనూ న్యాయముంది, ఇద్దరి చేతికీ నెత్తురుంది. ఎటు నిలబడినా తప్పే. ఈ కథంతా వారిక్ అనే మరుగుజ్జు మిత్రుడు చెబుతుంటాడు. అక్కడక్కడా కోతలు కోస్తాడు. అన్నిటికీ మించి, ఆడేవాడు ఎంత జాగ్రత్తగా ఆడినా హీరో తన తల్లిని దక్కించుకోలేడు. ఏ మీట నొక్కినా, ఏ దారిన పోయినా ఆమె చనిపోతుంది.

పందొమ్మిదేళ్ల కుర్రాడికి అది అన్నిటికంటే కోపం తెప్పించింది. గెలిచే దారే లేనప్పుడు ఇక ఆటేమిటి?

కొనసాగింపు కష్టాలు

ఈ తగువు మనకు కొత్తదేమీ కాదు. పట్టాభిషేకంతో రామకథ ముగిసిందని సంతోషించేవాళ్లు, ఉత్తరకాండ లేనిదే కథ పూర్తికాదనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సీతను మళ్లీ అడవికి పంపడం చాలామందికి మింగుడుపడదు. అయినా తిక్కన తన నిర్వచనోత్తర రామాయణానికి ఆ ఉత్తర కథనే ఎంచుకున్నాడు. 1934లో ఒకసారి, 1963లో మరోసారి ‘లవకుశ’ తెరకెక్కితే జనం ఏడుస్తూనే చూశారు, చూస్తూనే ఏడ్చారు.

సినిమాల్లో అయితే చెప్పే పనే లేదు. 2004లో ‘శంకర్‌దాదా ఎంబీబీఎస్’ చూసి మురిసిపోయినవాళ్లు 2007లో ‘జిందాబాద్’కి వెళ్లి మొదటిదాన్ని తలుచుకుంటూ బయటికొచ్చారు. 2009లో ‘ఆర్య-2’ వచ్చినప్పుడు ‘మా ఆర్య ఇతను కాదు’ అన్నారు కొందరు. కొన్నేళ్లకు దాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు బయల్దేరారు. రెండోసారి వచ్చినవాడికి రెండు కష్టాలు. మొదటివాడిలాగే ఉంటే ‘కొత్తేముంది’ అంటారు. కొత్తగా ఉంటే ‘మొదటివాడిలా లేడు’ అంటారు.

తిట్టే హక్కు ఎంతవరకు?

మరుసటి ఏడాది అదే బయోవేర్‌కు ఇంకో దెబ్బ తగిలింది. 2012 మార్చిలో వచ్చిన ‘మాస్ ఎఫెక్ట్-3’ ముగింపు నచ్చక అభిమానులు భగ్గుమన్నారు. మూడు భాగాల పాటు తాము తీసుకున్న నిర్ణయాలన్నీ చివరికి ఒకే చోటికి తెచ్చి, రంగు మార్చి చూపించారన్నది ఫిర్యాదు. నిరసన తెలిపిన తీరు మాత్రం ముచ్చటగా ఉంది. కొందరు కలిసి సంస్థ కార్యాలయానికి నాలుగు వందల కప్‌కేకులు పంపారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగులు. రుచి మాత్రం అన్నిటికీ ఒక్కటే! చెప్పదలచుకున్నది అంతకంటే చక్కగా ఎవరు చెప్పగలరు? ఇంకొందరు ఆసుపత్రుల్లోని పిల్లలకు ఆటవస్తువులిచ్చే ‘చైల్డ్స్ ప్లే’ సంస్థకు దాదాపు 80 వేల డాలర్ల విరాళాలు పోగుచేసి తమ అసంతృప్తి తెలిపారు. ఆ ఏడాది జూన్‌లో బయోవేర్ ముగింపును విస్తరించి ఉచితంగా అందించింది.

అదే ఏడాది ఫిబ్రవరిలో జరిగింది మాత్రం తలవంపులు. డ్రాగన్ ఏజ్ రచయిత్రి ఒకరు ఎప్పుడో 2006లో ఇచ్చిన ఇంటర్వ్యూలో, యుద్ధాలు దాటేసి కథ మాత్రమే ఆడే వీలుంటే బాగుండునన్నారు. ఆ ముక్క బయటికి లాగి, ఆట పాడైపోవడానికి ఆమే కారణమంటూ గుంపు మీదపడింది. బూతులు, ఫోన్లు, బెదిరింపులు. ఆమె పిల్లలను కూడా వదల్లేదు. ఆటలో గుహ తిరిగి తిరిగి వచ్చినందుకు ఒక తల్లి తన పిల్లల కోసం భయపడాల్సి వచ్చింది.

గరికపాడు కుర్రాడు ఎవరినీ బెదిరించలేదు. కానీ ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో ఆమె మీద తనూ నాలుగు మాటలు రాశాడు. రాసి, తాతయ్యకు గొప్పగా చెప్పాడు. తాతయ్యకు ఇంటర్నెట్ తెలియదు గానీ ఆ మాటల బరువు తెలుసు. ‘‘వేషం నచ్చకపోతే లేచి వెళ్లిపో. నలుగురిలో నచ్చలేదని చెప్పు. అంతేగానీ వేషగాడు ఇంటికెళ్లేటప్పుడు దారి కాయకూడదురా’’ అన్నాడు. కుర్రాడికి ఆ రోజు ఆ మాట ముసలాళ్ల చాదస్తంలా వినిపించింది.

మళ్లీ ఆడితే

తర్వాత కథ చాలా నడిచింది. 2012 సెప్టెంబరులో ఇద్దరు డాక్టర్లూ సంస్థ నుంచి, ఆటల రంగం నుంచి తప్పుకున్నారు. 2014 నవంబరులో వచ్చిన మూడో భాగం ‘ఇన్‌క్విజిషన్’ ఆ ఏటి గేమ్ అవార్డ్స్‌లో మేటి ఆటగా నిలిచింది. 2024 అక్టోబరు 31న నాలుగోది ‘వీల్‌గార్డ్’ వచ్చింది. మళ్లీ అదే రభస, మళ్లీ రెండు వర్గాలు. 15 లక్షల మంది ఆడారని, అది తమ అంచనాలో సగానికి దగ్గరగానే ఆగిందని మాతృసంస్థ ఈఏ 2025 జనవరిలో ఒప్పుకుంది. చిత్రమేమిటంటే, ఈసారి అభిమానుల నోట కొత్త మాట వినిపించింది. ‘ఎన్ని చెప్పినా ఆ రెండోదే నయం, అందులో మనుషులున్నారు’ అని.

కుర్రాడు ఇప్పుడు కుర్రాడు కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం, ముప్పై దాటిన వయసు. తాతయ్య లేడు. 2021 మేలో అమ్మ కరోనాతో పోయింది. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు, ఆక్సిజన్ కోసం తిరిగాడు, అప్పు చేశాడు. ఏ దారిన పోయినా దక్కలేదు.

నాలుగో భాగం గొడవ విన్నాక ఒక సెలవు రోజున పాత డీవీడీ వెతికి రెండోదాన్ని మళ్లీ ఆడాడు. గుహలు అవే. సందులు అవే. తిట్టుకోవాల్సినవి ఏవీ మారలేదు. హీరో తల్లిని వెతుక్కుంటూ రాత్రిపూట ఊరంతా తిరిగే ఘట్టం దగ్గర మాత్రం అతను ఆట ఆపి చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. గెలిచే దారి ఎందుకు పెట్టలేదని ఒకప్పుడు అడిగిన ప్రశ్న ఈసారి అడగలేదు.

ఆట బాగుపడిందని కాదు. తొందరపాటు తొందరపాటే, అడ్డదారి అడ్డదారే. కొన్నవాడిగా అతని ఫిర్యాదు ఆనాడూ న్యాయమైనదే, ఈనాడూ న్యాయమైనదే. రాసిన ఆ నాలుగు మాటలు మాత్రం న్యాయమైనవి కావు. వాటిని వెతికి చెరిపేద్దామనుకున్నాడు. దొరకలేదు. ఎక్కడో ఉండే ఉంటాయి.

ఆ మధ్య ఊరికొచ్చినప్పుడు దగ్గర్లో తిరునాళ్లలో నాటకం ఉందంటే కూతుర్ని తీసుకుని వెళ్లాడు. పడక సీను అయింది. మొదటి కృష్ణుడు లోపలికి వెళ్లాడు. రాయబారానికి రెండో కృష్ణుడు వచ్చాడు. కాస్త పొట్టి, గొంతు బొంగురు. ముందు వరసలో ఇద్దరు టీకి లేచారు.

‘‘ఈయన ఆ కృష్ణుడు కాదుగా నాన్నా?’’ అంది పాప.

‘‘కాదమ్మా. కూర్చో, ఈయన పద్యం కూడా విందాం’’ అన్నాడతను.