పొలంలో దొరికిన బిళ్ళ ఎవరికి చూపాలి?

దుక్కిలో నాగలికి తగిలి ఒక బూడిదరంగు బిళ్ళ పైకి వస్తుంది. ఒకవైపు ఏనుగు బొమ్మ, రెండోవైపు నాలుగు సున్నాలు కలిపినట్లు ఏదో గుర్తు. రైతు ఇంటికి తెచ్చి చింతపండుతో తోముతాడు. ఉన్న నాలుగు అక్షరాలు ఆ పులుపుకే సగం పోతాయి. తర్వాత కంసాలి దగ్గరికి వెళతాడు. వెండి కాదు, ఉత్త సీసం అని తేలగానే ఆ బిళ్ళ పిల్లల ఆటకో, కరిగి వలగుండుకో పోతుంది.

గోదావరి ఒడ్డున జగిత్యాల జిల్లా కోటిలింగాలలో ఇలాంటి పాత నాణేల మీదే శాతవాహనుల తొలి రాజు చిముకుని పేరు కనిపించింది. అంతకు ముందు అక్కడ ఏలిన గోబద, నారన, సమగోప వంటి రాజుల పేర్లు మనకు తెలిసింది కూడా నాణేల వల్లనే. ఆ నాణేలు కొలిమిలోకి పోయి ఉంటే ఆ రాజుల సంగతే తెలిసేది కాదు.

ఇప్పుడు దీనికి తోడు మెటల్ డిటెక్టర్లు వచ్చాయి. గుప్తనిధుల ఆశతో వాటిని పట్టుకుని రాత్రిళ్ళు పాడుబడ్డ గుళ్ళ చుట్టూ, దిబ్బల మీద తిరిగేవారున్నారు. ఆ యంత్రం కింద లోహం ఉందని కూస్తుందే గాని అదేమిటో చెప్పదు. బంగారు ఉంగరానికీ, అల్యూమినియం రేకు ముక్కకూ కూత ఇంచుమించు ఒకటే. కూసిన చోటల్లా తవ్వితే సీసా మూతలు, ఎద్దు నాడాలు, విరిగిన కర్రు ముక్కలు బయటపడతాయి. కుండపెంకులు, ఇటుకలు, పూసలు యంత్రానికి అందవు. తీరా వస్తువు ఏ కాలానిదో చెప్పేది అవే! తుప్పు పట్టిన రెండు ఇనుప ముక్కలు పక్కపక్కన పెడితే ఏది పాతదో చూపుకు తెలియదు. ఒకటి నలుపు, ఎరుపు పెంకుల మధ్య దొరికిందంటే దాని వయసు వేల ఏళ్ళు కావచ్చు. గునపంతో ఆ పెంకులు చిందరవందర చేశాక ఎంతటి పండితుడైనా చేసేదేమీ లేదు.

దొరికిన సంగతి రైతు ఎందుకు దాస్తాడు? పొలం లాక్కుంటారని, ఠాణా చుట్టూ తిప్పుతారని భయం. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం దొరికిన విషయం కలెక్టరుకు రాసి ఇవ్వాలి. హక్కుదారు ఎవరూ తేలకపోతే మూడు పాళ్ళు దొరికించుకున్నవారికి, ఒక పాలు భూమి సొంతదారుకు. ప్రభుత్వమే ఉంచుకుంటే లోహం ఖరీదుకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. దాస్తే వాటా పోతుంది, ఏడాది దాకా జైలూ ఉంది. నిధి దొరికినందుకు పొలం తీసుకోవాలని మాత్రం ఆ చట్టంలో లేదు. ఈ మాట గ్రామాల్లో చెప్పినవారేరి?

అయినా సీసం బిళ్ళకు ఆ లెక్కన డబ్బు కడితే బీడీకట్ట కూడా రాదు. ఏమీ రాని దానికి రైతు కచేరీ మెట్లెందుకు ఎక్కుతాడు? ఇంగ్లండులో 1997 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. దొరికిన వస్తువును స్థానికంగా ఉండే అధికారికి చూపిస్తే ఆయన అదేమిటో చెప్పి, దొరికిన చోటుతో సహా రాసుకుంటాడు. చట్టం ప్రకారం నిధి కిందికి రానివన్నీ తిరిగి ఇచ్చేస్తారు. మన దగ్గర అంత ఏర్పాటు ఒక్కరోజులో రాకపోవచ్చు. కనీసం వస్తువు తీసుకున్నప్పుడు తహశీల్దారు కార్యాలయం రసీదు ఇవ్వాలి. పురావస్తు శాఖ దాన్ని చూసి, అది ఏమిటో, ఏ కాలానిదో తేట తెలుగులో ఒక కాగితం రాసి ఆ రైతుకు పంపాలి. ఒక ఫొటో ఊరి బడిలో పెట్టాలి.

అంతవరకు దొరికినవారు చింతపండు జోలికి పోకుండా వస్తువును మట్టితోనే గుడ్డలో చుట్టి, దొరికిన చోట ఒక కర్ర పాతి ఉంచితే చాలు. అధికారులు తొలకరి దుక్కులకు ముందే ఊరూరా ఈ సంగతి దండోరా వేయించాలి.